పది గజాల గీత, పైగదిలోని మనిషి

ఓక్లహోమాలో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్న మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి అనంతపురం వచ్చాడు. భోగి నాటి మధ్యాహ్నం మిద్దె మీద ఎండకు కూర్చుని ఉండగా ఫోనులో నాకొక వీడియో చూపించాడు. నిమిషమైనా లేని ఆ వీడియోను బొటనవేలితో ముందుకూ వెనక్కూ జరిపి జరిపి, ఒకచోట ఆపి, "మామా, ఇక్కడ చూడు. బంతి ఇంకా గీత దాటలేదు, అప్పుడే చెయ్యి తగిలింది" అన్నాడు. ఫోను తెర మీద గీత వెంట్రుకంత, బంతి శనగబద్దంత ఉన్నాయి. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే నిజమే, తగిలింది.

అది 2006 సెప్టెంబరు 16న ఆరిగన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో ఆరిగన్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. అప్పటికి వీడు మూడో తరగతి కూడా దాటలేదు. అయినా ఆ రాష్ట్రంలో అడుగుపెట్టిన మొదటి నెలలోనే ఎవరో ఈ కథ చెప్పి వీణ్ణి కూడా ఆ కోపానికి వారసుణ్ణి చేశారు. నేను మూడు దశాబ్దాలు ప్రభుత్వ పాఠశాలల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, సెలవుల్లో ఊరూరా కబడ్డీ పోటీలకు ఈల పట్టుకుని తిరిగినవాణ్ణి. ఆ ఆట నాకు కొత్తే గాని, అందులోని తగవు మాత్రం కొత్తది కాదు. పండుగ మూడు రోజులూ వాడి చేత నియమాలు చదివించుకుని తెలుసుకున్నదీ, నాకు తోచినదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఆ వీడియోలో ఉన్న ఆన్‌సైడ్ కిక్ అంటే ఏమిటో చెప్పాలి. ఒక జట్టు పాయింట్లు సాధించిన తరువాత బంతిని తన్ని ఎదుటి జట్టుకు అప్పగించాలి. కళాశాలల ఆటలో తన్నే జట్టు తన 35వ గజం గీత నుంచి తన్నుతుంది, అందుకునే జట్టు అక్కడికి పది గజాల అవతలి గీత వెనుక నిలబడుతుంది. మామూలుగా బంతిని వీలైనంత దూరం తన్నుతారు. కాని సమయం అయిపోవస్తూ ఇంకా వెనుకబడి ఉన్న జట్టుకు బంతిని అప్పగించడమంటే ఆటను అప్పగించడమే. అటువంటప్పుడు నియమంలోని ఒక సందును వాడుకుంటారు: పది గజాలు దాటిన బంతి ఎవరికి చిక్కితే వారిది. అందుచేత కావాలనే దగ్గరగా తన్ని, తమ బంతిని తామే పట్టుకోవడానికి పరుగెత్తుతారు. పది గజాలంటే 9.14 మీటర్లు, మన కబడ్డీ కోర్టు వెడల్పు కన్నా కొంచెం తక్కువ. ఇంటిస్థలాలను సెంట్లలో, గజాల్లో కొలుచుకునే మనవాళ్లకు ఆ దూరాన్ని వేరే వివరించవలసిన పని లేదు.

ఈ ఎత్తు పారడానికి కారణం బంతి ఆకారం. రెండు కొసలూ మొనదేలిన బాదంకాయ వంటి ఆ బంతిని నడిమికి తన్నరు, పైభాగం మీద తన్నుతారు. అది పిల్లిమొగ్గలు వేస్తూ నేల మీద దొర్లి, రెండు మూడు చిన్న గెంతులు గెంతి, ఏదో ఒక గెంతులో మొన నేలకు తగలగానే ఉన్నట్టుండి మనిషి ఛాతీ ఎత్తుకు లేస్తుంది. ఆ లేచే చోటు పదో గజం దగ్గర కుదిరేలా తన్నడం ఒక విద్య. ఎదురుగా నిలబడినవాడు బంతి ఏ పక్కకు తిరుగుతుందో చూడాలా, తన మీదికి దూసుకొస్తున్న పదిమందిని చూడాలా అని తేల్చుకునేలోపే అది అతని చేతుల్లోంచి జారిపోతుంది.

నియమం ఇక్కడ రెండు జట్లను ఒకే తీరుగా చూడదు. తన్నిన జట్టువాడు బంతి పది గజాలు దాటకముందు దాన్ని తాకరాదు. తాకితే అందుకునే జట్టు అదే చోట బంతిని తీసుకోవచ్చు. అందుకునే జట్టువాడు మాత్రం ఎక్కడైనా తాకవచ్చు, కాని అతను తాకిన మరుక్షణం బంతి అందరిదీ అవుతుంది, గీత దాటినా దాటకపోయినా సరే. తనంత తాను తాకకుండా ఎదుటివాడు నెట్టడం వల్ల బంతి మీద పడ్డవాడి స్పర్శ లెక్కకు రాదు. తన్నిన జట్టువాళ్లు తమకు బంతిని తాకే హక్కు వచ్చేదాకా ఎదుటివాళ్లను అడ్డగించి తోయకూడదు. బంతి నేలకు తగలకుండా గాలిలో వస్తుంటే దాన్ని పట్టుకోవడానికి అందుకునేవాడికి అడ్డులేని అవకాశం ఇవ్వాలి. నేలకు ఒక్కసారి బాది గాలిలోకి లేపిన బంతికి కూడా ఆ రక్షణ ఉంది. ఇంతా చేసి తన్నిన జట్టు బంతిని పట్టుకుంటే అక్కడికక్కడే ఆట ఆగుతుంది, దాన్ని పట్టుకుని ముందుకు పరుగెత్తడానికి వీల్లేదు. ఇవన్నీ మూడు నాలుగు సెకన్లలో జరిగిపోతాయి. ఎవరు ముందు తాకారు, గీతకు ఇవతలా అవతలా, ఎవరు ఎవర్ని తోశారు, చివరికి ఎవరి చేతిలో ఉంది అన్న నాలుగు తీర్పులను మైదానంలోని అధికారులు ఆ వ్యవధిలోనే ఇవ్వాలి.

యూజీన్‌లో ఆ రోజు నిమిషం పైచిలుకు ఆట మిగిలి ఉండగా ఓక్లహోమా 33, ఆరిగన్ 27. ఆరిగన్ జట్టు ఆన్‌సైడ్ కిక్ తన్నింది. వారి ఆటగాడు గీత దాటకముందే బంతిని తాకాడు. దాని మీద మనుషులు కుప్పగా పడ్డారు. అధికారులు కుప్పలోకి చేతులు పెట్టి ఒక్కొక్కరినీ లాగుతుంటే, బంతి ఆ కుప్పలోనే లేదు. ఓక్లహోమా ఆటగాడొకడు దాన్ని చేతబట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. అధికారులు బంతి ఆరిగన్‌దని తీర్పు చెప్పారు. పైగదిలో తెర ముందు కూర్చున్న రీప్లే అధికారి దాన్ని పరిశీలించి కూడా ఆ తీర్పునే నిలబెట్టాడు. ఆ వెంటనే ఓక్లహోమా మీద పాస్‌ను, అంటే విసిరిన బంతిని, అందుకునేవాణ్ణి అడ్డుకున్నారనే పెనాల్టీ ఒకటి పడింది, 46 సెకన్లు ఉండగా ఆరిగన్ టచ్‌డౌన్ చేసి, అంటే బంతిని గోల్ గీత దాటించి, 34–33తో ముందుకు వచ్చింది. చివర్లో గోల్ స్తంభాల మధ్య నుంచి పంపాలని ఓక్లహోమా తన్నిన 44 గజాల ఫీల్డ్ గోల్‌ను అడ్డుకోవడంతో ఆట ముగిసింది.

తరువాతి కథ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. ఆరిగన్ అప్పట్లో ఆడిన విశ్వవిద్యాలయాల కూటమి పాసిఫిక్-10 తప్పులు జరిగాయని ఒప్పుకుని క్షమాపణ చెప్పి, మైదానంలోని అధికారులనూ రీప్లే అధికారినీ ఒక ఆటకు పక్కన పెట్టింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ బోరెన్ ఆ ఆటను లెక్కల్లోంచే కొట్టివేయాలని కోరాడు. కొట్టివేయలేదు. రీప్లే అధికారికి చంపుతామనే బెదిరింపులు వచ్చాయని చదివినప్పుడు మాత్రం నాకు వీడియో మీద ఆసక్తి కాసేపు చచ్చిపోయింది. ఈల పట్టుకున్నవాడి ఇంటికి ఫోను చేసి తిట్టేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

మా వాడి ప్రశ్న సూటిగా ఉంది: "ఫోనులో నీకు కనిపించింది, నాకు కనిపించింది. పైన కూర్చున్నవాడికి ఎందుకు కనిపించలేదు?" దానికి జవాబు వెతుకుతూ పోతే నాకు కంటిచూపు కన్నా కట్టుబాటే పెద్ద విషయంగా తోచింది.

కళాశాలల ఆటలో రీప్లే కొత్తగా వచ్చిన రోజులవి. 2004లో బిగ్ టెన్ కూటమి ప్రయోగంగా మొదలుపెట్టింది, మరుసటి ఏడాది మిగతా కూటముల్లో చాలావరకు అందుకున్నాయి. మొదటినుంచీ దానికి ఒక పునాది సూత్రం ఉంది: మైదానంలో ఇచ్చిన తీర్పు సరైనదనే అనుకుని మొదలుపెట్టాలి, కాదనడానికి తిరుగులేని వీడియో ఆధారం ఉంటేనే మార్చాలి. "ఇదే అయి ఉండవచ్చు" అన్న స్థాయి చాలదు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది తెలిసిన దారే. ఎల్‌బీడబ్ల్యూ సమీక్షలో బంతి సగం కన్నా తక్కువ వికెట్లను తాకుతుందని తెరమీద కనిపిస్తే అంపైర్ ఏమన్నాడో అదే నిలుస్తుంది. ఒకే బొమ్మకు ఒక రోజు అవుట్, మరొక రోజు నాటౌట్ అవుతుందేమిటని మనవాళ్లు తల గోక్కుంటారు. ఆ చిరాకు వల్లనో మరెందుకో మన క్రికెట్ బోర్డు ఏళ్ల తరబడి ఆ పద్ధతికి దూరంగా ఉండి, చివరికి 2016లో ఇంగ్లండ్ జట్టు వచ్చినప్పుడు స్వదేశంలో ఒప్పుకుంది.

రెండో కట్టుబాటు నాకు ఇంకా ఆసక్తికరంగా అనిపించింది. కళాశాలల ఆటలో పైగది అధికారి ప్రతి బంతినీ చూస్తాడు, అవసరమనుకుంటే తానే ఆటను ఆపుతాడు. కాని అతను ఏది పడితే అది చూసి దిద్దలేడు. దిద్దదగిన విషయాలు నియమావళిలో పేరుపేరునా రాసి ఉన్నాయి. తన్నిన బంతిని ఎవరు తాకారు, గీతకు ఇవతలా అవతలా అన్నది ఆ జాబితాలో ఉంది. ఆన్‌సైడ్ కిక్‌లో హక్కు రాకముందే ఎదుటివాణ్ణి తోశారా అన్నది కూడా తరువాతి కాలంలో చేరింది. చొక్కా పట్టుకు లాగడం, పాస్ అందుకునేవాణ్ణి అడ్డుకోవడం వంటి సాధారణ తప్పులు మాత్రం అందులో లేవు. అయితే యూజీన్‌లో ఆ పాస్ పెనాల్టీని కూడా పైగదికి పంపారు కదా అంటే, పంపింది తప్పు జరిగిందా లేదా అని కాదు, బంతి ముందే మరొకరి చేతికి తగిలిందా అని. తగిలి ఉంటే ఆ పెనాల్టీకి చోటే ఉండదు. తెర మీద ఎదురుగా తప్పు కనిపిస్తున్నా నేరుగా దాని గురించి అడగరాదు, పక్కదారిన వేరే ప్రశ్న ఒకటి అడగవచ్చు. నిజం చెప్పాలంటే ఇది నాకు మొదట కోర్టు కాగితాల వ్యవహారంలా తోచి నవ్వు వచ్చింది.

నవ్వు ఆగిపోవడానికి కారణం నా సొంత అనుభవం. సెల్‌ఫోన్లలో వీడియోలు తీయడం అప్పుడప్పుడే వచ్చిన రోజుల్లో, పేరు చెప్పను గాని, ఒక పల్లెలో తిరునాళ్ల కబడ్డీ ఫైనలుకు నేను అంపైర్‌ను. పాయింట్లు సమానం, చివరి కూత. కూతకు వెళ్లిన కుర్రవాణ్ణి నలుగురు పట్టారు. అతను వాళ్లను ఈడ్చుకుంటూనే నడిమి గీత వైపు చెయ్యి చాచాడు. మీద ఇద్దరు పడ్డారు. దుమ్ములో సున్నం గీత చెదిరిపోయింది. వేలి కొస గీతకు తగిలిందని నాకు కనిపించింది, పాయింట్లు ఇచ్చాను. ఓడిన ఊరివాళ్లు కోర్టులోకి వచ్చేశారు. ఒక కుర్రవాడు ఫోను తెచ్చి చూడమన్నాడు. చూశాను. అందులో ఎవరో పెద్దాయన తలపాగా, దాని పక్కనుంచి రెండు కాళ్లు తప్ప వేలూ లేదు, గీతా లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాళ్లు అన్నా, మార్చడానికి ఆధారం లేదు గనుక తీర్పు మార్చలేదు. నాలుగు రోజుల తరువాత ఆ కుర్రవాడే బడికి వచ్చి, గొడవేమీ పడకుండా, "సార్, చూడొద్దు, వినండి" అని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. కేకల మధ్య కూత స్పష్టంగా వినిపిస్తోంది, జనం "తగిలింది" అని అరవడానికి రెండు క్షణాల ముందే అది తెగిపోయింది. కూత తెగినవాడు గీతను చేత్తో కాదు, ఒళ్లంతా వేసి తాకినా అవుటే. ఆధారం ఆ రోజు నా చేతిలోనే ఉంది. నన్ను వేలి గురించి అడిగారు, నేను వేలి కోసం వెతికాను. కూత గురించి ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

యూజీన్ వీడియోను మళ్లీ చూస్తే నాకు అదే కనిపిస్తోంది. ఆ సమీక్ష బంతిని ఎవరు ఎప్పుడు తాకారన్న దాని చుట్టూ తిరిగింది. దాన్నే తప్పుగా తేల్చారు, అది వేరే సంగతి. దాని పక్కనే నిలబడి ఉన్న రెండో నిజం, బంతి పట్టుకున్నవాడు ఓక్లహోమా ఆటగాడన్నది, ఆ తీర్పులోకి రానే లేదు. కుప్ప కింద ఏం జరిగిందో ఏ కెమెరాకూ కనిపించదు గనుక బంతి ఎవరికి చిక్కిందన్నది మైదానంలోనివాళ్లకే వదిలేయడం సబబే. కాని బంతి కుప్ప బయట ఉన్నప్పుడు ఆ సబబు నిలవదు.

పైగది నుంచి జరిగిన పొరపాట్లు అంతటితో ఆగలేదు. 2015 అక్టోబరు 31న డ్యూక్, మయామీ జట్ల ఆట చివరి సెకన్లలో మయామీవాళ్లు అందుకున్న బంతిని ఒకరికొకరు వెనక్కి విసురుకుంటూ ఎనిమిదిసార్లు చేతులు మార్చి టచ్‌డౌన్ చేసి 30–27తో గెలిచారు. మధ్యలో ఒకడి మోకాలు నేలకు ఆనిందని తరువాత తేలింది, అక్కడే ఆట ఆగిపోవలసింది. తొమ్మిది నిమిషాల పాటు చూసి కూడా పైగది దాన్ని పట్టుకోలేదు. అధికారులను రెండు ఆటలకు పక్కన పెట్టారు, ఫలితం మాత్రం అలాగే ఉంది. 2020 అక్టోబరులో ఆబర్న్, ఓల్ మిస్ జట్ల ఆటలో జరిగింది దీనికి తలకిందులు. తన్నిన బంతి అందుకునేవాడి వేలికి తగిలి గోల్ గీత దాటి దొర్లింది, తన్నిన జట్టువాళ్లు దాని మీద పడ్డారు. తగిలి ఉంటే అది టచ్‌డౌన్, తగలకపోతే ఏమీ కాదు. తగల్లేదన్నారు. ఆటను సరిగా ఆపి నిదానంగా చూడవలసిందని, అలా చూడలేదని ఆ కూటమే తరువాత ఒప్పుకుంది. ఒకచోట తొమ్మిది నిమిషాలు చూసినా దొరకలేదు, మరొకచోట ఆగి చూడనే లేదు.

మా వాడి అభిప్రాయం, అన్నీ చూడనివ్వాలి, కెమెరా ఉన్నప్పుడు దాచిపెట్టడం ఎందుకని. నేను ఒప్పుకోలేదు. ప్రతి ఆటలోనూ ఎవడో ఒకడు ఎవడి చొక్కానో పట్టుకునే ఉంటాడు, నిదానంగా తిప్పి చూస్తే అన్నిటా పెనాల్టీయే కనిపిస్తుంది. వృత్తి జట్ల లీగువాళ్లు 2019లో పాస్ అందుకునేవాణ్ణి అడ్డుకోవడాన్ని సమీక్షకు తెచ్చి, ఒక్క సీజనుతోనే మానుకున్నారు. అది చూపును బట్టి మారే తీర్పు. మోకాలు నేలకు ఆనిందా, బంతి వేలికి తగిలిందా, గీత దాటిందా అన్నవి అలాంటివి కావు, అవి జరిగాయో లేదో అంతే. మొదటి రకానికి జాబితా బిగువుగా ఉండాలి. రెండో రకానికి, ముఖ్యంగా ఆన్‌సైడ్ కిక్ వంటి చోట, పైగదిలో కూర్చున్నవాడు మొదటి ప్రశ్నకు జవాబు చూసుకుని లేచిపోకూడదు, స్పర్శ, తోపు, పట్టు మూడింటినీ వరసగా అడిగి తీరాలన్నది నా మాట. ఆట ఫలితాన్నే మార్చగల స్పష్టమైన పొరపాటును జాబితాలో లేకపోయినా దిద్దవచ్చనే వెసులుబాటు ఇప్పటి నియమాల్లో ఉందని మా వాడు చదివి వినిపించాడు. జాబితాలో లేని తప్పులకు, అంటే ఆ చొక్కా లాగుళ్లకు, అది వర్తించదట. సరిగ్గా గీయవలసిన చోటే గీత గీశారనిపించింది. ఆ వెసులుబాటును వాడుకునే తెగువ పైగదిలో ఉండాలి, అది నియమావళితో వచ్చేది కాదు.

కనుమ నాడు పొద్దున్నే ఇద్దరం బడి మైదానానికి వెళ్లాం. వాడు అమెరికా నుంచి తెచ్చిన బంతి సంచిలో ఉంది. సున్నం లేక ముగ్గుపిండితో రెండు గీతలు గీసి, టేపు పెట్టి తొమ్మిది మీటర్ల పధ్నాలుగు సెంటీమీటర్లు కొలిచాను. వాడు తన్నేవాడు, నేను అందుకునేవాణ్ణి. మొదటి మూడుసార్లు బంతి పక్కనున్న గానుగ చెట్లలోకి పోయింది. నాలుగోసారి చక్కగా దొర్లుతూ వచ్చి, నేను వంగబోయేంతలో ఉన్నట్టుండి లేచి, గీతకు మూడడుగుల ముందే నా మోకాలికి తగిలి వాడి వైపే వెనక్కి మళ్లింది. వాడు పరుగెత్తుకొచ్చి దాని మీద పడ్డాడు. నేను ఈల ఊదినంత గట్టిగా "చెల్లదు, చెల్లదు, గీత దాటలేదు" అని అరిచాను. వాడు బంతిని కడుపుకు అదుముకుని అలాగే మట్టిలో పడి నవ్వుతూ, "గీత నాకు మామా, నీకు కాదు. నీ మోకాలికి తగిలింది కదా" అన్నాడు.